లఘు రూపశిల్పం: గోరంత ముఖంలో మనిషి పోలిక

ఫలానా మనిషి అని గుర్తుపట్టగలిగే పోలికను అరచేతిలో ఇమిడే బొమ్మగా మలిచి, దానికి సహజమైన మేనిఛాయ దిద్దే కళ లఘు రూపశిల్పం. దీన్ని వృత్తిగా పెట్టుకున్నవాళ్లు తక్కువ. ఒక బల్ల, ఒక దీపం, నాలుగైదు పనిముట్లు దగ్గర పెట్టుకుని తీరిక వేళల్లో సాధన చేసేవాళ్లే దీన్ని ఇంతదూరం తెచ్చారు. నిలువెత్తు బొమ్మలకు 54, 75, 90 మిల్లీమీటర్ల ఎత్తులు, ఛాతీ వరకు మలిచే బొమ్మలకు అసలు మనిషిలో పదో వంతు, పన్నెండో వంతు కొలతలు వాడుకలో ఉన్నాయి. 54 మిల్లీమీటర్ల బొమ్మకు తల సుమారు 7 మిల్లీమీటర్లు, అంటే సెనగగింజంత. పదో వంతు బొమ్మకు తల 23 మిల్లీమీటర్లు, చిన్న ఉసిరికాయంత. అందులో కంటిపాప చుట్టూ ఉండే నల్లగుడ్డు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఇంత చిన్నచోట పోలిక తేవడమంటే పెద్దదాన్ని యథాతథంగా కుదించడమని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. చిన్న పరిమాణంలో కన్ను దేన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో తెలుసుకుని ముఖాన్ని మొదటినుంచీ మళ్లీ కట్టుకురావడమే ఈ పని. వేషాన్ని బట్టి గుర్తుపట్టే బొమ్మ నుంచి దీన్ని విడదీసేది కూడా ముఖమే.

ఆ తేడా తెలియాలంటే భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డునున్న పర్ణశాలను చూడాలి. సీతారామలక్ష్మణులు వనవాసంలో ఇక్కడే ఉన్నారని స్థలపురాణం. యాత్రికుల కోసం ఆనాటి ఘట్టాలను రంగుల బొమ్మలుగా నిలిపారు: కుటీరం, బంగారు లేడి, భిక్షకు వచ్చిన మాయసన్యాసి. చూసేవాళ్లు క్షణంలో కథ పోల్చుకుంటారు. అయితే దేన్ని చూసి పోల్చుకుంటారు? కాషాయం, కమండలం, చేయి చాచిన తీరు చూసి. సన్యాసి ముఖాన్ని విడిగా తీసి చూపిస్తే అది రావణుడిదని చెప్పడం కష్టం. ఇది లోపం కాదు, ఆ బొమ్మల పనే వేరు. దూరంనుంచి వచ్చిన జనానికి కథ చెప్పాలి కాబట్టి అవి గుర్తులతో మాట్లాడతాయి. కానీ అదే ఘట్టాన్ని లఘు రూపశిల్పి ఎత్తుకుంటే సమస్య మారిపోతుంది. భిక్షకుడి వేషంలో ఉన్న రాజును వేషంతో చూపించలేం, వేషం అబద్ధం కదా. కళ్లలో, దవడ బిగింపులో చూపించాలి.

తెలుగునాట బొమ్మల సంప్రదాయం చాలావరకు పర్ణశాల బొమ్మల పక్షానే ఉంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను కాచి తడి పోగొట్టి, అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దానిమీద సున్నం పూసి రంగులేస్తారు. కల్లుగీసే మనిషి, బ్రాహ్మణుడు, బండి తోలే రైతు, అంబారీ ఏనుగు అన్నీ అలాగే పుడతాయి. చేర్యాల నకాషీ కళాకారుల బొమ్మలకూ, ముసుగులకూ చింతగింజల ముద్దే ఆధారం. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణిమీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. ఎక్కడైనా ముఖం ఒక నమూనా: పెద్ద కళ్లు, ఒకే రంగు చర్మం, ఒక గీతలో మీసం. వృత్తిని, దైవాన్ని, పాత్రను చెప్పడానికి అది చాలు. పండగనాడు బొమ్మల కొలువులో పది అడుగుల దూరంనుంచి చూసినా అర్థమయ్యే స్పష్టత దానికుంది. వాస్తవిక రూపశిల్పం దీనికంటే గొప్పదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఈ సంప్రదాయంలో చేతి నైపుణ్యం, జిగురు, సుద్దపూత, సన్న కుంచె అన్నీ ఉన్నా, ఒక మనిషి ముఖమే విషయంగా ఉన్న చిన్న బొమ్మ అరుదు. ఆ ఖాళీలోకే లఘు రూపశిల్పం వస్తోంది.

అసలు ఇంత చిన్న ముఖంలో పోలిక సాధ్యమేనా అనేది మొదటి ఆక్షేపణ. దీనికి దక్కన్ గడ్డమీదే పాత జవాబుంది. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వంటి శాతవాహన రాజులు తమ తలబొమ్మతో వెండి నాణేలు వేయించారు. అవి ఇప్పటి రూపాయి బిళ్లకంటే చిన్నవి, బరువు సుమారు 2 గ్రాములు. పక్కనుంచి చూసిన ముఖం, ముక్కు వాలు, జుట్టు తీరు, చుట్టూ అక్షరాలు ఆ కాస్త చోట్లోనే పట్టాయి. పశ్చిమ క్షత్రపుల నాణేల ఒరవడిలో వచ్చిన పద్ధతి ఇది. అచ్చు చెక్కిన కంసాలికి దొరికిన చోటు గోరంతే. ఇంకో సాక్ష్యం మన కంటి స్వభావం. 1973లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన లియోన్ హార్మన్, అబ్రహాం లింకన్ ముఖాన్ని కొన్ని వందల బూడిదరంగు గళ్లుగా మార్చి చూపించాడు. దగ్గరనుంచి అది గళ్ల నేత. కాస్త దూరం జరిగినా, కళ్లు చికిలించినా లింకనే. కన్ను, ముక్కు, నోరు ఏవీ విడిగా కనిపించకపోయినా వెలుగునీడల ముద్దలు ఏ చోట ఎంత ఉండాలో అంత ఉంటే పోలిక నిలుస్తుందని దీనివల్ల తేలింది. అంటే పోలిక వివరాల్లో కాకుండా నిష్పత్తుల్లో ఉంది: కనుబొమల మధ్య దూరం, ముక్కు కొనకూ పై పెదవికీ మధ్య జాగా, చెంప ఎముక ఎక్కడ మలుపు తిరిగింది అనేవాటిలో. ఇవి చిన్న పరిమాణంలోనూ చెడవు, చెడగొడితే తప్ప.

చెడిపోయేవి వేరే ఉన్నాయి. మామూలు చూపుగల కన్ను 30 సెంటీమీటర్ల దూరంలో విడదీసి చూడగల అతిచిన్న కొలత ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు. 54 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషిలో సుమారు 32వ వంతు కాబట్టి, దానిమీద 0.1 మిల్లీమీటరు అంటే నిజమైన ముఖంమీద 3 మిల్లీమీటర్లు. కనురెప్ప మందం దాదాపు అంతే. కొలత ప్రకారం చెక్కితే రెప్ప ఉండీ లేనట్టే. పైగా ప్రైమరు, అడుగురంగు, పైపూతలు కలిసి 0.1 మిల్లీమీటరు మందం తేలిగ్గా వస్తాయి. కొలత ప్రకారం చెక్కిన రెప్పను ఆ రంగే పూడ్చేస్తుంది. ఆరుబయట ఉన్న సిమెంటు బొమ్మలకు ఏటా ఎనామిల్ పూస్తూ పోతే కొన్నేళ్లకు కనుకొలకులు, పెదవుల చివరలు మొద్దుబారిపోవడం చాలా ఊళ్లలో కనిపించేదే. గోదావరికి వరద వస్తే పర్ణశాలలో సీతవాగు, సీత నారచీరలు ఆరేసిన గుర్తులని చెప్పే చోటు మునుగుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి చోట మళ్లీ మళ్లీ మందంగా రంగు వేయడం తప్పదు. నిలువెత్తు విగ్రహం ఆ పూతలను కొంతకాలం ఓర్చుకుంటుంది. సెనగగింజంత తల అలాంటి మందపు పూతను ఒక్కదాన్ని కూడా ఓర్చుకోదు. అందుకే శిల్పి రెప్పను కావాలని మందంగా, కనుగుంటను లోతుగా, ముక్కుపుటం పక్క గాడిని పదునుగా చెక్కుతాడు. కొలబద్దకు ఇది తప్పు. కంటికి ఇదే ఒప్పు.

రంగులో కూడా ఇదే లెక్క. బొమ్మ చిన్నదయినా దానిమీద పడే వెలుగు చిన్నది కాదు కాబట్టి నీడలను చేత్తో వేయాలని ఈ కళాకారులు చెప్పుకుంటారు. ఆ మాటను కొంచెం సవరించుకోవాలి. కిటికీ వెలుగులో పెట్టిన ఉసిరికాయంత తలకూ, అదే కిటికీ ముందు కూర్చున్న మనిషి తలకూ నీడలు పడే తీరు ఒకటే. అసలు తేడా రెండు చోట్ల ఉంది. మొదటిది దూరం. 54 మిల్లీమీటర్ల బొమ్మను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, నిజమైన మనిషిని దాదాపు 10 మీటర్ల దూరంనుంచి చూసినట్టు. ఆ దూరంలో కంటికింద సన్నని నీడ కనిపించదు. కానీ బొమ్మ చేతిలో ఉంది కాబట్టి మనసు దగ్గరి ముఖాన్నే ఆశిస్తుంది. ఆ రెంటి మధ్య తేడాను కుంచె పూడ్చాలి. రెండోది చర్మం. మన చర్మంలోకి వెలుగు కాస్త దిగి, నెత్తురు ఎరుపును తీసుకుని బయటికొస్తుంది. చెవి తమ్మె, ముక్కు కొన, కింది పెదవి ఎర్రబడేది అందువల్లే. మట్టికి, రెసిన్‌కు ఆ గుణం లేదు. ఆ ఎరుపును పలుచని పూతలుగా వేయకపోతే బొమ్మ ప్లాస్టిక్‌లా ఉండిపోతుంది.

తల కట్టడం తీగతో మొదలవుతుంది. తీగ చివర అల్యూమినియం రేకును ఉండచుట్టి, దానిమీద పుర్రె ఆకారం తెస్తారు. ముఖం తర్వాత. పుర్రె సరిగా లేని తలమీద ఎంత అందమైన ముక్కు పెట్టినా నిలవదు. తల ఎత్తులో సరిగ్గా సగంలో కళ్ల గీత వస్తుంది. కొత్తవాళ్లు దాన్ని పైకి జరిపేసి నుదురు కోల్పోతారు. మన శిల్పశాస్త్రం ముఖం పొడవును తాళంగా తీసుకుని, ఉత్తమ రూపాలకు నవతాళం, ఆపైన చెప్పింది. నిజమైన మనుషులు ఏడున్నర తలల దగ్గర ఆగుతారు. దేవతా రూపం నుంచి మనిషి పోలికకు రావడమంటే ఈ కొలతను కూడా మార్చుకోవడం. ఇక కన్ను. కాల్చి గట్టిపడిన చిన్న పూసను గుంటలో పెట్టి, పైన దారంలాంటి మట్టిపోగును పరిచి, తడి చేసిన సూదితో అదుముతూ పై రెప్ప చేస్తారు. పై రెప్ప నల్లగుడ్డును కొద్దిగా కప్పాలి. కప్పకపోతే మనిషి ఉలిక్కిపడినట్టు ఉంటాడు. తర్వాత రెండు వైపులనూ కావాలని ఒకేలా ఉంచరు. ఒక కన్ను వెంట్రుకవాసి కిందికి, నోటి మూల ఒకవైపు కాస్త బిగువుగా ఉండాలి. మనిషి ముఖం రెండు వైపులా ఒకటి కాదు. నమూనా బొమ్మకూ పోలిక బొమ్మకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది ఇక్కడే.

మట్టి విషయానికొస్తే, పాలిమర్ క్లే కాల్చేదాకా మెత్తగానే ఉంటుంది, సుమారు 130 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ గంటా రెండు గంటల్లో బిగుసుకోవడం మొదలవుతుంది. ప్లంబింగ్ దుకాణాల్లో దొరికే ఎంసీల్ కూడా ఆ జాతిదే, కాకపోతే ఇంకా తొందరగా బిగుస్తుంది కాబట్టి ముఖానికంటే దుస్తులకు, పీఠానికి అనువు. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. ఆ వేడికి పాలిమర్ క్లే వేలిముద్రలు పట్టేంత మెత్తబడుతుంది, యాక్రిలిక్ రంగు కుంచెమీదే ఎండిపోతుంది. తడిబట్టమీద కాగితం పరిచి దానిమీద రంగు కలుపుకోవడం, ముఖం పని తెల్లవారుజామున చేసుకోవడం ఇక్కడివాళ్లకు తప్పని జాగ్రత్తలు. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువై స్ప్రే వార్నిష్ తెల్లగా బూజులా కమ్ముతుంది. విదేశీ పుస్తకాల్లో రాసిన ఎండే సమయాలు ఇక్కడ పనికిరావు.

చామనఛాయ ఎలా వేయాలన్నది ఈ కళలో తెలుగువాళ్లు సొంతంగా తేల్చుకోవాల్సిన విషయం. బజారులో ‘ఫ్లెష్’ అనే పేరుతో వచ్చే రంగుల్లో ఎక్కువ భాగం గులాబీ తెలుపు. దానికి గోధుమరంగు కలిపితే చామనఛాయ రాదు, మట్టి పట్టిన గులాబీ వస్తుంది. ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా కలిపిన దగ్గర మొదలుపెట్టాలి. ఈ రెండింటి రంగూ ఇనుము ఆక్సైడ్లదే. పసుపు ఆకర్‌ను కాల్చితే నీరు పోయి ఎరుపు తిరుగుతుంది. సీతవాగులో ఉన్న పసుపు, ఎరుపు రాళ్లను సీతమ్మ పసుపుకుంకుమలుగా భక్తులు చూపిస్తారు. చామనఛాయను కలిపే చిత్రకారుడి పళ్లెంలో ఉండేవీ ఆ రెండు వన్నెలే. నీడకు నలుపు వాడకూడదు, చర్మం చచ్చిపోతుంది. వంకాయరంగు ఛాయగల ముదురు గోధుమ సరిపోతుంది. ముదురు చర్మంమీద మధ్య ఛాయల తేడా తక్కువగానూ, మెరుపు పదునుగానూ ఉంటాయి. నుదుటిమీద, చెంప ఎముకమీద పడే మెరుపులో ఆకాశపు నీలం కాస్త కలుస్తుంది. తెల్లచర్మానికి చేసినట్టు పొరలుపొరలుగా తెల్లబరుచుకుంటూ పోతే నల్లని మనిషి ముఖంమీద విభూతి పూసినట్టవుతుంది. గీసిన గడ్డానికి పలుచని బూడిదనీలం, కంటి తెలుపుకు శుద్ధ తెలుపు బదులు ఎముకరంగు, పై రెప్ప గీతకు నలుపు బదులు ముదురు గోధుమ వాడాలి. విగ్రహ ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం చివరి ఘట్టం. కన్ను తెరిస్తే దైవం వచ్చినట్టు. లఘు రూపశిల్పులు చాలామంది కళ్లు ముందే వేస్తారు. చూపు ఎటుందో తెలిశాక మిగతా ముఖాన్ని దానికి తగ్గట్టు సవరించుకోవచ్చని వాళ్ల లెక్క. రెండు క్రమాలూ ఒకే సత్యాన్ని ఒప్పుకుంటున్నాయి: బొమ్మ మనిషయ్యేది కంటి దగ్గరే.

యంత్రం ఇదంతా చేసేస్తుంది కదా అనేది రెండో ఆక్షేపణ. ఫోన్ కెమెరాతో మనిషి చుట్టూ ఫొటోలు తీసి త్రీడీ నమూనా చేసి, రెసిన్ ప్రింటరులో 0.05 మిల్లీమీటర్ల పొరలతో ముద్రించవచ్చు. నిజమే, కొలతలు అచ్చంగా వస్తాయి. కానీ అచ్చంగా కుదించిన ముఖం ఎందుకు తేలిపోతుందో పైన చూశాం. ముద్రణకు ముందు రెప్పలను, పెదవి గీతను, ముక్కుపుటాలను పెంచి దిద్దేవాళ్ల ముద్రలే చూడదగినట్టు ఉంటాయి. అంటే నిర్ణయం మళ్లీ మనిషిదే, ఉలి బదులు తెరమీద చేశాడంతే. తెనాలి, కోనసీమలోని కొత్తపేట శిల్పశాలల్లో ఫొటో చూసి నాయకుల నిలువెత్తు విగ్రహాలు చేస్తున్న శిల్పులకు ఈ సంగతి అటు కొసనుంచి తెలుసు. నడివీధిలో ఎత్తైన దిమ్మమీద నిలబడే ముఖాన్ని కిందినుంచి చూస్తారు కాబట్టి వాళ్లూ కొలతను కంటికోసం మారుస్తారు.

ఈ అభిరుచి చరిత్ర ఐరోపాలో సైనికుల బొమ్మలతో మొదలైంది. జర్మనీలోని న్యూరంబర్గ్‌లో తగరంతో పోసిన బల్లపరుపు సైనికులు, 1893 నుంచి ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ పోసిన డొల్ల సీసపు సైనికులు పిల్లల ఆటవస్తువులు. 54 మిల్లీమీటర్ల కొలత ఆ బ్రిటన్ బొమ్మలదే. 1980లో దృశ్యాల నిర్మాణంమీద పుస్తకం రాసిన అమెరికన్ షెప్ పెయిన్ (1946–2015) వంటివాళ్లు అదే బొమ్మకు చిత్రకళ విలువలు తెచ్చారు. ఆ వారసత్వం వల్ల బజారులో దొరికే ముఖాలు ఎక్కువగా ఐరోపా సైనికులవి. కొనుక్కుని రంగులేసే దారిలో తెలుగు ముఖం దొరకడం కష్టం, చెక్కుకోవాల్సిందే. మలచడం, రంగులేయడం రెండూ ఒకే మనిషి నేర్చుకోవాల్సిన అవసరం ఇక్కడ అందుకే ఎక్కువ.

మూడో ఆక్షేపణ బరువైనది. పర్ణశాల చుట్టూ కోయ గూడేలున్నాయి. అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు తలకు కట్టుకుని డోళ్లు మోస్తూ ఆడే కొమ్ము నృత్యం ఏ శిల్పికైనా ఆశ పుట్టిస్తుంది. అయితే అలాంటి బొమ్మ ఒక జాతిని అలంకార వస్తువుగా మార్చదా? ఈ భయానికి కారణముంది. బెంగాల్‌లోని కృష్ణనగర్ దగ్గరి ఘూర్ణీ కుమ్మరులు పందొమ్మిదో శతాబ్దంలో అద్భుతమైన వాస్తవికతతో చిన్న మట్టిబొమ్మలు చేశారు. అలాంటి బొమ్మలు వలస పాలకుల ప్రదర్శనల్లో ‘ఒక చాకలి’, ‘ఒక సాధువు’, ‘ఒక గిరిజనుడు’ అనే చీటీలతో వరుసగా నిలిచాయి. చేయి వాస్తవికం, చీటీ నమూనా. మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగలమీద ఏడు సంపుటాలు వెలువరించాడు. తలల పొడవు వెడల్పులు, ముక్కుల కొలతలు కాలిపర్‌తో తీయించాడు. లఘు రూపశిల్పి బల్లమీద ఉండే పనిముట్టు కూడా కాలిపరే. అదే పనిముట్టు ఒకచోట మనుషులను సగటుగా మార్చింది, ఇంకోచోట ఒక మనిషిని మిగతావాళ్లనుంచి విడదీస్తుంది. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్‌ హైమెన్‌డార్ఫ్ 1940లలో గోదావరి లోయలో కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ ప్రచురించాడు. ఆ కాలపు ఫొటోల్లో ముఖాలున్నాయి: పొద్దుకు కళ్లు చికిలించినవి, సిగ్గుపడినవి. ఆధారంగా తీసుకోవాల్సింది వాటిలోని మనిషిని. కొమ్ముల కిరీటం ఎంత వివరంగా చేసినా కింద ముఖం ‘కోయ ముఖం’గా ఉంటే అది థర్‌స్టన్ పట్టికే. కిరీటం లేకున్నా, ఒక ముసలాయన నుదుటి ముడతలు, ఒకవైపు వాలిన చెవి, ఎండకు ముదిరిన బుగ్గలు ఆయనవే అయితే అది రూపశిల్పం. బతికున్న మనిషైతే ఆయన అనుమతి, పీఠంమీద ఆయన ఒప్పుకున్న పేరు ఉండాలి. ఇవి మర్యాద కోసం తర్వాత చేర్చేవి కావు. పేరు లేనిచోట పోలికకు అర్థమే లేదు.

ఆధారం లేని ముఖాల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. భద్రాచలం కథలో ఇద్దరున్నారు. గోల్కొండను 1672 నుంచి 1687 దాకా ఏలిన అబుల్ హసన్ తానీషా రూపాన్ని గోల్కొండ చిత్రకారులు ఆయన కాలంలోనే దిద్దారు. పక్కముఖంగానో, ముప్పాతిక ముఖంగానో గీసిన ఆ చిత్రాల నుంచి శిల్పికి ముక్కు, గడ్డం, నుదుటి రేఖ దొరుకుతాయి. దవడ వెడల్పు, కళ్ల మధ్య దూరం దొరకవు, వాటిని ఊహించాలి. ఆయన కొలువులో పాల్వంచ తహసీల్దారుగా ఉండి, రామాలయం కట్టించి, గోల్కొండ చెరసాలలో మగ్గిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు, మనకు తెలిసింది కీర్తనల ద్వారా. తంబుర, నామాలు, సంకెళ్లతో మనం చూసే రామదాసు బొమ్మలు భక్తుల ఊహలోంచి వచ్చినవి. చెరసాలలో ఏళ్లు గడిపిన నడివయసు ఉద్యోగి ముఖాన్ని శిల్పి వెతకాలనుకుంటే వెతకవచ్చు: లోతుకుపోయిన చెంపలు, ఎండ తగలని చర్మం పాలిపోయిన చామనఛాయ, పాటకు విచ్చుకున్న పెదవులు. తానీషా పీఠంమీద ‘సమకాలీన చిత్రాల ఆధారంగా’ అని, రామదాసు పీఠంమీద ‘ఊహారూపం’ అని చెక్కితే చాలు, రెండూ పక్కపక్కన నిలబడవచ్చు.